వాన గాలికి కదిలే శ్రుతి: ట్యూనర్, హార్మోనియం, చెవి కలిపి వాడే తీరు

ధనుర్మాసంలో తెల్లవారుజామున అయిదింటికి గుడి మండపంలో భజన మొదలవుతుంది. ముందురోజు సాయంత్రం ఇంటి వసారాలో చక్కగా కలిసిన హార్మోనియం, వేణువు, మృదంగం ఇప్పుడు ఒకదాని మాట ఒకటి వినవు. మృదంగం కిందికి జారింది. వేణువూ కాస్త తగ్గింది. హార్మోనియం మాత్రం నిన్న ఎక్కడుందో ఇంచుమించు అక్కడే ఉంది. అదే జట్టు మే నెల మధ్యాహ్నం పెళ్లిపందిట్లో కూర్చుంటే వేణువు పైకెక్కుతుంది, వీణ తీగలు దిగుతాయి, హార్మోనియం మళ్లీ కదలదు. ఒకపక్క సముద్రం, మిగతా పక్కలంతా కాలువలు, చెరువులు ఉన్న గోదావరి డెల్టాలో ఇది ఏటా జరిగేదే. ఎవరి వాద్యమూ చెడిపోలేదు. ఒక్కొక్కటీ ఒక్కో దిక్కుకి కదిలింది, అంతే. అందుకే ఇంట్లో ట్యూనర్ (స్వరం ఏ ఎత్తులో ఉందో సూదితో చూపే యంత్రం లేదా ఫోన్ యాప్) పెట్టి చూసుకుని వచ్చాం అంటే సగం పనే అయినట్టు.

పద్ధతి ఒక్క ముక్కలో చెప్పుకుంటే, తనను తాను మార్చుకోలేని వాద్యాన్ని ముందు పట్టుకోవాలి, మిగతావాటిని దాని దగ్గరికి తేవాలి, తేలిగ్గా కదిలేదాన్ని ఆఖర్న చెయ్యాలి. హార్మోనియం ఉంటే అదే పెద్ద. లేకపోతే ఎలక్ట్రానిక్ తంబురా. తర్వాత సన్నాయి లేదా వేణువు, తర్వాత తీగ వాద్యాలు, చివర మృదంగం. ట్యూనర్‌తో పని షడ్జం (స) ఎక్కడుందో తెలుసుకోవడం వరకే. పంచమం (ప) దగ్గర్నుంచి చెవికి అప్పగించాలి.

ఒకటిన్నర అంటే ఎన్ని హెర్ట్జ్

మనవాళ్లు శ్రుతిని హార్మోనియం మెట్ల మీద లెక్కపెడతారు. సి అనే తెల్లమెట్టు ఒకటి, దాని పక్క నల్లమెట్టు ఒకటిన్నర, డి రెండు, దాని పక్క నల్లమెట్టు రెండున్నర, ఈ మూడు, ఎఫ్ నాలుగు, జి అయిదు, ఏ ఆరు, బి ఏడు. ఈ, ఎఫ్‌ల మధ్య నల్లమెట్టు లేదు కాబట్టి మూడున్నర శ్రుతి అనేది ఉండదు. ఏడున్నరా ఉండదు. ట్యూనర్ ఈ అంకెలు చూపించదు, అక్షరాలే చూపిస్తుంది. కాబట్టి ఈ లెక్క నోటికి వచ్చి ఉండాలి.

గొంతుకి పనికొచ్చే స్థాయిలో హెర్ట్జ్ లెక్క, అంటే సెకనుకి ఎన్ని కంపనాలో, ఇలా ఉంటుంది: ఒకటి 130.8, ఒకటిన్నర 138.6, రెండు 146.8, రెండున్నర 155.6, మూడు 164.8, నాలుగు 174.6, నాలుగున్నర 185, అయిదు 196, అయిదున్నర 207.7, ఆరు 220, ఆరున్నర 233.1, ఏడు 246.9. పై స్థాయికి రెట్టింపు, కింది స్థాయికి సగం. మగవాళ్లలో చాలామంది ఒకటి, రెండుల మధ్య, ఆడవాళ్లలో చాలామంది నాలుగున్నర, ఆరుల మధ్య పాడతారు.

ఈ అంకెలన్నీ ఏ అనే మెట్టు పై స్థాయిలో 440 హెర్ట్జ్ అనుకుంటేనే. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దీన్ని 1955లో సిఫారసు చేసింది, 1975లో ప్రమాణంగా ఖాయం చేసింది. ఫోన్ యాప్ కొత్తగా పెట్టుకున్నవాళ్లు మొట్టమొదట చూడాల్సింది ఈ 440 అంకెనే. కొన్ని యాప్‌లలో వేలు తగిలితే అది 432కి మారిపోతుంది. అప్పుడు సూది మధ్యలోనే నిలబడుతుంది, ఆకుపచ్చ లైటూ వెలుగుతుంది, శ్రుతి మాత్రం 32 సెంట్లు తగ్గి ఉంటుంది.

సెంటు అంటే ఏమిటో ఇక్కడే చెప్పుకోవాలి. హార్మోనియం మీద ఒక మెట్టుకీ పక్క మెట్టుకీ మధ్య దూరాన్ని వంద భాగాలు చేస్తే ఒక భాగం ఒక సెంటు. షడ్జం నుంచి పై షడ్జానికి 1200. అలవాటున్న చెవి, నిలకడగా మోగే రెండు స్వరాల మధ్య అయిదారు సెంట్ల తేడాని పసిగడుతుంది. పక్కపక్కనే కలిపి మోగిస్తే అంతకన్నా తక్కువైనా తెలుస్తుంది, అది ఎలాగో కింద వస్తుంది.

శ్రుతిదండం వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. హైస్కూలు ఫిజిక్సు ల్యాబులో దొరికే దండాల మీద 256, 288, 320, 384, 512 అని ఉంటుంది. అవి లెక్కలు తేలిగ్గా ఉండడానికి పెట్టుకున్న సైన్సు శ్రుతి. సంగీతంలో వాడే ఒకటో శ్రుతి పై స్థాయి 261.6. 256 దండం దానికన్నా 38 సెంట్లు తక్కువ. దాంతో తంబురా శ్రుతి చేసుకుని హార్మోనియం పక్కన కూర్చుంటే ఎంత బిరడ (తీగ చుట్టి బిగించే కొయ్య మేకు) తిప్పినా కలవదు. సంగీతానికి కొనేటప్పుడు 440 అని గానీ, 261.6 అని గానీ ఉన్నది చూసి కొనాలి. మంచి ఉక్కు దండం పది డిగ్రీల వేడికి అర హెర్ట్జ్ మించి తగ్గదు. పడేస్తే మాత్రం కొమ్ము వంగి చెడిపోతుంది. మోకాలి చిప్ప మీద గానీ అరచేతి కింది మెత్తటి భాగం మీద గానీ కొట్టాలి, బల్ల అంచుకి కాదు.

ట్యూనర్‌ని నమ్మాల్సినంతే నమ్మడం

తీగ మీటగానే సూది కాస్త పైకి దూకి తర్వాత దిగుతుంది. గట్టిగా మీటితే తీగ సాగి మొదటి క్షణంలో శ్రుతి నిజంగానే ఎక్కువ ఉంటుంది. అందుకని మెల్లగా మీటి, ఒక సెకను ఆగి, అప్పుడు చదవాలి. మిగతా తీగల మీద చెయ్యి అడ్డం పెట్టి ఆపాలి. ఫోన్‌ని వాద్యానికి ఒక జానెడు దూరంలో ఉంచాలి.

తంబురా దగ్గర కొత్తవాళ్లు తరచూ బోల్తా పడే చోటొకటి ఉంది. ఒకటో శ్రుతికి చేసిన సారణి (మధ్య తీగ) మీటితే ట్యూనర్ ఒకసారి సి చూపిస్తుంది, మరోసారి జి, ఇంకోసారి ఈ అని చూపిస్తుంది, అదీ 14 సెంట్లు తక్కువగా. యంత్రం పాడవలేదు. తీగ ఒక్క పౌనఃపున్యంతో మోగదు. దాని రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు, అయిదు రెట్లు కూడా కలిసి మోగుతాయి. స్కూలు పుస్తకాల్లో వీటిని అనుస్వరాలంటారు. మూడో రెట్టు పంచమం, అయిదో రెట్టు అంతర గాంధారం. తంబురాలో గుర్రం (తీగలు ఆనే దిమ్మ) వంపు మీద తీగ రాసుకుంటూ మోగడం వల్ల ఈ పై రెట్లు చాలా బలంగా వస్తాయి. తంబురాలో తనంతట తాను పలికే గాంధారం అని పెద్దవాళ్లు చెప్పేది ఇదే. ట్యూనర్ ఒక్కోసారి ఆ గాంధారాన్నే పట్టుకుంటుంది. అలాంటప్పుడు తీగని గోటితో కాకుండా వేలి మెత్తటి భాగంతో, తీగ నడిమధ్యన మీటండి. సూది సి దగ్గరికి వచ్చి కూర్చుంటుంది.

మరో ఇబ్బంది డెల్టా వాళ్లకి బాగా తెలిసినదే. రొయ్యల చెరువు గట్టు పక్క ఊళ్లలో రాత్రంతా ఏరియేటర్లు (నీళ్లు చిలికే మోటార్లు) తిరుగుతుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్. మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు దానికి రెట్టింపు, అంటే 100 హెర్ట్జ్ మీద ఝుమ్మంటాయి. ఎవరూ ఏమీ వాయించకుండా ఉండగా ట్యూనర్ జి అని, 35 సెంట్లు ఎక్కువ అని చూపిస్తోందంటే అది కరెంటు మోత. మైకు సెట్టు ఎర్తు సరిగా లేకపోయినా ఇదే మోత పెట్టెల్లోంచి వస్తుంది. మోత ఆపలేకపోతే వాద్యానికి అంటించుకునే క్లిప్ ట్యూనర్ వాడండి. అది గాల్లో శబ్దాన్ని కాకుండా చెక్క కంపనాన్ని చదువుతుంది, కాబట్టి జనం గోల కూడా దానికి పట్టదు. అయితే తీగ వాద్యాలకే అది పనికొస్తుంది. గొంతుకీ, వేణువుకీ కాదు.

ఫోన్‌లో తంబురా యాప్ పెట్టి పాడేవాళ్లు ఇంకొకటి గమనించాలి. ఫోన్ స్పీకరు చిన్నది, 130 హెర్ట్జ్ లాంటి కింది స్వరాన్ని అది దాదాపు వినిపించలేదు. పై అనుస్వరాలు విని మన చెవే కింది షడ్జాన్ని ఊహించుకుంటుంది. గొంతు పైకెత్తగానే ఆ ఊహ చెదిరిపోతుంది. ఒక మాదిరి స్పీకరుకి వైరుతో కలపండి. బ్లూటూత్ అయినా శ్రుతికి ఫరవాలేదు గానీ, తాళం యాప్ కూడా దాంట్లోంచే వేస్తే దెబ్బ ఆలస్యంగా వినిపిస్తుంది.

నాబ్ తిప్పే పాత రకం ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె వేడెక్కేకొద్దీ కాస్త కదులుతుంది. పది, పదిహేను నిమిషాలు వేసి ఉంచి తర్వాత ట్యూనర్‌తో చూసుకోవాలి.

చెవితో కలపడం: విస్పందనాలు

రెండు స్వరాలు కలిసీ కలవనట్టు ఉన్నప్పుడు ‘వావ్... వావ్...’ అని ధ్వని ఉబ్బుతూ తగ్గుతూ వినిపిస్తుంది. ఇవే విస్పందనాలు. రెండింటి పౌనఃపున్యాల తేడా ఎంతో సెకనుకి అన్నిసార్లు ఉబ్బుతుంది. 220 పక్కన 222 మోగితే సెకనుకి రెండు. పది సెకన్లలో అయిదు లెక్కపెట్టారంటే తేడా అర హెర్ట్జ్. ఆరో శ్రుతి దగ్గర అర హెర్ట్జ్ అంటే నాలుగు సెంట్లు. చాలా ట్యూనర్ల సూది అంత తేడాలో అటూ ఇటూ ఊగుతుంటుంది, చెవి మాత్రం కచ్చితంగా లెక్కపెట్టి చెప్తుంది.

ఉబ్బు ఎంత వేగంగా వస్తోందో తెలుస్తుంది గానీ, మనం ఎక్కువ ఉన్నామో తక్కువ ఉన్నామో అది చెప్పదు. తీగనైతే వేలితో కాస్త పక్కకి లాగండి. ఉబ్బు నెమ్మదిస్తే తీగ తక్కువలో ఉంది, బిగించాలి. ఇంకా తొందర పడితే ఎక్కువలో ఉంది.

పంచమానికీ ఇదే పనికొస్తుంది. షడ్జం మూడో రెట్టూ, పంచమం రెండో రెట్టూ ఒకటే కావాలి. ఒకటో శ్రుతి 130.81 అయితే మూడు రెట్లు 392.44. హార్మోనియం మీద అయిదో మెట్టు 196.00, దాని రెట్టింపు 391.99. తేడా అర హెర్ట్జ్ కన్నా తక్కువ, రెండు సెకన్లకొక ఉబ్బు. చెవి దాన్ని క్షమిస్తుంది. ఇప్పుడు గాంధారం చూడండి. షడ్జం అయిదో రెట్టు 654.06. హార్మోనియం మూడో మెట్టు 164.81, నాలుగు రెట్లు 659.26. సెకనుకి అయిదు ఉబ్బులు. తంబురా పక్కన హార్మోనియం గాంధారం నొక్కితే ఆ స్వరం వణికినట్టు వినిపించేది ఇందుకే. హార్మోనియం పన్నెండు మెట్లనీ సమానంగా పంచి పెట్టారు, తంబురాలో తనంతట తాను పలికే గాంధారం దానికన్నా 14 సెంట్లు కింద ఉంటుంది. చతుశ్రుతి ధైవతం 16 కింద, కాకలి నిషాదం 12 కింద, సాధారణ గాంధారం 16 పైన. పంచమం రెండు పైన, శుద్ధ మధ్యమం రెండు కింద.

కాబట్టి పాడుతూ ట్యూనర్ చూసేవాళ్లు గాంధారం దగ్గర సూది ఎడమకి ఒరిగిందని గొంతు పైకి లాగకండి. అక్కడ ఒరగడమే సరి. అయినా రాగంలో గమకం (స్వరాన్ని ఊపి పలకడం) పట్టాక ఈ అంకెలు నిలబడవు. ట్యూనర్ ముందు షడ్జం, పంచమం నిలిపి సాధన చేసుకుంటే చాలు, మిగతాది తంబురా ముందు.

హార్మోనియం: రాజుని ముందు పరీక్షించండి

పద్యనాటకాల వాళ్ల దగ్గరా భజన మందిరాల్లోనూ ఉన్న పాత పెట్టెలు చాలావరకు 440 మీద ఉండవు. ఒకటి 15 సెంట్లు ఎక్కువ, ఇంకొకటి 20 తక్కువ. దానికి కంగారు పడక్కర్లేదు. పాడబోయే శ్రుతి మెట్టు నొక్కి, తిత్తి సమంగా కొడుతూ ట్యూనర్ చూడండి. గట్టిగా కొడితే రీడు (గాలికి ఊగి పలికే ఇత్తడి నాలుక) శ్రుతి కొంచెం మారుతుంది, కాబట్టి కచేరీలో ఎంత గాలి పెడతారో అంతే పెట్టాలి. స్టాపర్లలో ఒక్క వరస రీడ్లకే తెరవాలి. రెండు వరసలు కలిస్తే సూది నిలవదు.

సూది 20 ఎక్కువ చూపించిందనుకోండి. ఇప్పుడు ట్యూనర్‌లోనూ, ఎలక్ట్రానిక్ తంబురాలోనూ 440ని 445 చెయ్యండి. ఒక్కో హెర్ట్జ్‌కి దాదాపు నాలుగు సెంట్లు. 12 తక్కువ ఉంటే 437. ఇక ఆ రోజుకి అందరికీ అదే కొలత. పెట్టెని 440కి తెచ్చే ప్రయత్నం వేదిక మీద చెయ్యకండి.

షడ్జం, పంచమం, పై షడ్జం మూడూ ఒకే లెక్కలో ఉంటే పెట్టె బాగున్నట్టే. వాటిల్లో ఒకటి మాత్రం ఎనిమిది, పది సెంట్లు తప్పితే ఆ రీడు చూసుకోవాలి. ఉప్పుగాలికి ఇత్తడి రీడ్లు కిలుము పడతాయి. అంతర్వేది, ఉప్పాడ వైపు ఇది మరీ ఎక్కువ. కిలుము, దుమ్ము రీడు కొసన చేరితే బరువు పెరిగి శ్రుతి దిగుతుంది. రీడుకీ చట్రానికీ మధ్య ఇరుక్కుంటే గర్రుమంటుంది, లేదా అసలు పలకదు.

శుభ్రం చెయ్యడానికి పలచని గట్టి కాగితం ముక్కని రీడు కింద నెమ్మదిగా దూర్చి, మొదలు నుంచి కొసకి లాగండి. మెత్తని పొడి బ్రష్షు వాడొచ్చు. నూనె, కిరోసిన్ మాత్రం తగలనివ్వకండి, దానికి దుమ్ము అంటుకుని నెలలో మొదటికొస్తుంది. చాలాసార్లు ఇంతతోనే సరిపోతుంది.

అప్పటికీ శ్రుతి తప్పి ఉంటే గీకాలి. రీడు కింద పలచని ఉక్కు రేకు ఆనించి, శ్రుతి పెంచాలంటే విడిగా ఊగే కొసన, తగ్గించాలంటే రివిటు ఉన్న మొదట్లో, సన్నటి ఆకురాయితో గీకుతారు. కొసన బరువు తగ్గితే వేగంగా ఊగుతుంది, మొదట్లో పలచబడితే బిగువు తగ్గి నెమ్మదిస్తుంది. రెండు మూడు గీతలు చాలు. గీకగానే ట్యూనర్ చూడకండి. రాపిడికీ వేలి వేడికీ రీడు కాస్త తక్కువ చూపిస్తుంది, చల్లారాక పెరుగుతుంది. అయిదు నిమిషాలు ఆగండి. ఆ తొందరలోనే చాలామంది ఎక్కువ గీకి రీడు పోగొట్టుకుంటారు. గీకిన ఇత్తడి తిరిగి రాదు, కాబట్టి మొదటిసారి ఎవరూ వాడని కొసమెట్టు రీడు మీద చెయ్యి తిప్పుకోండి.

పెట్టెని సిమెంటు గచ్చు మీద పెట్టకూడదు, పీట మీద ఉండాలి. వర్షాకాలంలో వారానికి రెండుసార్లయినా వాయించడమే దానికి మందు. లోపల గాలి ఆడుతుంది.

తంబురా, వీణ

ద్రాక్షారామంలో పుట్టిన ఈమని శంకరశాస్త్రి, కాకినాడలో పుట్టిన చిట్టిబాబు వాయించిన వాద్యం వీణ. ఈ గాలి దానికి కొత్త కాదు. కానీ మెట్లని పట్టి ఉంచేది మైనం. మే నెలలో తలుపులు వేసిన కారులో గంటసేపు వదిలితే మైనం మెత్తబడి మెట్టు ఒకపక్కకి ఒరుగుతుంది. అనుమానం వస్తే సారణి (వీణలో మొదటి తీగ) ఖాళీగా మీటి, పన్నెండో మెట్టు మీద మీటండి. సరిగ్గా పై షడ్జం పలకాలి. అదొక్కటే తప్పితే ఆ మెట్టు కదిలింది. అన్నీ వరసగా తప్పుతూ పోతే తీగ పాతబడింది, లేదా గుర్రం జరిగింది. ముందు తీగ మార్చి చూడండి, మేళం కట్టేవాళ్ల (మెట్లు అమర్చేవాళ్ల) దగ్గరికి పరిగెత్తడం తర్వాత.

బిరడలు వానాకాలంలో ఉబ్బి బిగుసుకుంటాయి, వేసవిలో ఎండి జారుతాయి. జారితే సుద్దపొడి, బిగుసుకుంటే పొడి సబ్బు ముక్కతో ఒక్క పూత. ఏ తీగనైనా కిందినుంచి పైకి తెచ్చి ఆపాలి. ఎక్కువైతే బాగా దించి మళ్లీ ఎక్కించండి. పైనుంచి దించి ఆపితే ఆ వదులు బిరడ దగ్గర నిలిచిపోయి, నాలుగు మీట్లకే తీగ ఇంకా జారుతుంది.

తంబురాకి ముందు మధ్య రెండు తీగలూ షడ్జానికి, తర్వాత మంద్ర షడ్జం, చివర పంచమం. దగ్గరికి వచ్చాక బిరడ ముట్టుకోకుండా, గుర్రం వెనక తీగలకి ఉండే పూసలతోనే పని చెయ్యాలి. పూస గుర్రానికి దూరంగా జరిగితే శ్రుతి పెరుగుతుంది. తర్వాత గుర్రం మీద తీగ కింద ఉన్న నూలుపోగు, దాన్నే జీవా అంటారు. దాన్ని వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుపుతుంటే ఒకచోట ధ్వని ఉన్నట్టుండి విచ్చుకుంటుంది. ఆ చోటు దాటితే మళ్లీ మొద్దుబారుతుంది. జీవా జరిపితే శ్రుతి కూడా కొంచెం మారుతుంది, అందుకని పూసలు మరోసారి చూసుకోవాలి.

వేణువు, సన్నాయి

గాలి వేడెక్కేకొద్దీ అందులో ధ్వని వేగం పెరుగుతుంది. 25 డిగ్రీల దగ్గర సెకనుకి దాదాపు 346 మీటర్లు, 35 దగ్గర 352. గొట్టం పొడవు మారదు కాబట్టి శ్రుతి డిగ్రీకి మూడు సెంట్ల చొప్పున పెరుగుతుంది. పది డిగ్రీలకి 30. లోపల ఊదే ఊపిరి వేడి ఎప్పుడూ ఒకటే కావడంతో నిజంగా వచ్చే తేడా దీనికన్నా తక్కువ ఉంటుంది. రీడు ఊపుతో మోగే హార్మోనియానికి ఈ లెక్క వర్తించదు. పెళ్లిపందిట్లో ఆ రెండూ విడిపోయేది ఇక్కడే.

చలి పొద్దున్న వేణువుని అయిదు నిమిషాలు ఊదాక గానీ శ్రుతి చూడకూడదు. సన్నాయికి పీక (నోట్లో పెట్టుకుని ఊదే రీడు) తడిసి మెత్తబడాలి. పొడి పీక గట్టిగా, ఎక్కువ శ్రుతిలో పలుకుతుంది. అప్పటికీ తేడా ఉంటే పీక కొంచెం బయటికి లాగితే తగ్గుతుంది, లోపలికి నొక్కితే పెరుగుతుంది. ఇంకా మిగిలితే కింది రంధ్రాల్లో మైనం సర్దుతారు.

ఊరేగింపులో ఒక తమాషా. మైకు కట్టుకుని పాట వేస్తూ ఆటో గంటకి 36 కిలోమీటర్ల వేగంతో ఎదురొచ్చి మనల్ని దాటిపోయిందంటే, ఆ పాట మన చెవికి దాదాపు ఒక స్వరస్థానం, అంటే వంద సెంట్లు, దిగిపోతుంది. నడిచే మేళానికి ఆ బెడద లేదు, ఏడెనిమిది సెంట్లకి మించదు.

మృదంగం ఆఖర్న

చర్మం తేమ పీలిస్తే సాగుతుంది. బిగువు పదో వంతు తగ్గినా శ్రుతి దాదాపు ఒక స్వరస్థానం జారుతుంది. అందుకే మృదంగాన్ని ముందుగా శ్రుతి చేసి పక్కన పెట్టడం దండగ పని. కచేరీకి ముప్పావుగంట ముందు సంచిలోంచి తీసి, కూర్చోబోయే చోటే ఉంచండి. అక్కడి గాలికి అది అలవాటు పడాలి. పొయ్యి దగ్గర కాచడం, హీటరు ముందు పెట్టడం తప్పు. కరణి (చర్మం మధ్యలోని నల్లటి పూత) పగుళ్లు విచ్చి పెచ్చులూడుతుంది.

ఆ నల్లటి కరణే మృదంగానికి స్వరం ఇచ్చేది. మామూలు డప్పు చర్మం పలికే ధ్వనుల మధ్య లెక్క కుదరదు. కరణి బరువు వల్ల మృదంగం చర్మం తీగలాగా ఒకటి, రెండు, మూడు రెట్ల వరసలో పలుకుతుందని సి.వి. రామన్ 1920లో చూపించారు. కరణి పెచ్చు లేస్తే ఆ వరస చెదిరిపోతుంది. ఇక సుత్తితో ఎంత కొట్టినా సా దొరకదు.

వలంతల (కుడి ముఖం) చుట్టూ తోలు వారు పట్టే చోట్లు పదహారు. ఒక్కో చోటు పక్కన మీటుతూ తంబురాతో పోల్చి వినండి. ట్యూనర్ ఇక్కడ పనికిరాదు. దెబ్బని బట్టి ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి గెంతుతుంది. ఏ చోటు అన్నిటికన్నా తక్కువ పలికిందో అక్కడ అల్లిక మీద పైనుంచి చిన్న దెబ్బ వేస్తే పెరుగుతుంది. ఎక్కువ పలికిన చోట కిందినుంచి పైకి కొడితే తగ్గుతుంది. ఒక దెబ్బ వేశాక పక్క చోటుకి వెళ్లకండి, ఎదురు చోటుకి వెళ్లండి. కారు చక్రం నట్లు బిగించేటప్పుడు మెకానిక్ అలాగే చేస్తాడు. పక్కపక్కనే బిగిస్తూ పోతే చర్మం ఒకపక్కకి లాగుతుంది. అన్ని చోట్లా తక్కువే ఉంటే అప్పుడు వార్ల కింది కొయ్యముక్కలు జరపాలి.

తొప్పికి (ఎడమ ముఖానికి) బొంబాయి రవ్వ రెండు మూడు చెంచాలు, కొద్దిగా నీళ్లు పోసి, వేలికి అంటుకోనంత గట్టిగా కలిపి మధ్యలో పెట్టండి. ఎక్కువ పెడితే శ్రుతి దిగుతుంది, తక్కువైతే పొడిగా మోగుతుంది. ఫ్యాను కింద కూర్చుంటే రవ్వ అరగంటలో ఎండి తొప్పి పైకెక్కుతుంది. మొదటి రెండు కీర్తనలయ్యాక తడివేలితో ఒకసారి అద్దాలి. కచేరీ అవగానే రవ్వ తీసి తుడిచెయ్యాలి, లేకపోతే తెల్లారేసరికి పులిసి చర్మం చెడిపోతుంది.

వేదిక మీద పెద్ద హాలోజన్ దీపాలుంటే వలంతల ఎండి శ్రుతి పెరుగుతూనే ఉంటుంది. ఏసీ హాలు అయితే తలుపులు తెరిచి జనం లోపలికొచ్చాక తేమ మారి మళ్లీ దిగుతుంది. రెండు చోట్లా మొదటి ఇరవై నిమిషాలకి మృదంగం ఒకసారి చూసుకోవాల్సిందే. మధ్యలో సుత్తి తీయడానికి మొహమాటపడి చాలామంది జారిన శ్రుతితోనే లాగించేస్తారు. పాడేవాళ్లు రాగం ఎత్తుకున్నప్పుడు మృదంగానికి పనుండదు, ఆ వ్యవధిలో రెండు దెబ్బలు ఎవరికీ వినపడవు.